బొమ్మలను వీడిన ప్రహ్లాదుడు, బొమ్మలతో ఆడిన పరీక్షిత్తు

శ్రీమద్భాగవతమున ఇద్దరు బాలభక్తుల శైశవమును గూర్చిన మాటలు పరస్పర విరుద్ధములుగా తోచును. సప్తమస్కంధమున నారదమహర్షి ధర్మరాజునకు ప్రహ్లాదుని వర్ణించుచు, ఆ బాలుడు ఆటవస్తువులను విడిచిపెట్టెననియు, చిత్తము భగవంతునియందు లగ్నమై యుండుటచే లోకులకు జడునివలె కనబడెననియు చెప్పెను. ద్వితీయస్కంధమున శౌనకమహర్షి సూతునితో పరీక్షిన్మహారాజును ప్రశంసించుచు, ఆ రాజు పసితనమున బొమ్మలతో ఆడుకొనునప్పుడు సైతము శ్రీకృష్ణుని క్రీడలనే ఆడెనని పలికెను. ఒకడు బొమ్మలను వీడి భక్తుడయ్యెను. మరియొకడు బొమ్మలతోనే భక్తుడయ్యెను.

తెలుగునాట పోతనామాత్యుని కృప వలన ప్రహ్లాదచరిత్రము ఎరుగని గృహము లేదు. పరీక్షిత్తు బొమ్మలాటను గూర్చిన ఆ చిన్న ప్రస్తావన మాత్రము ప్రవచనకర్తలకే పరిచితము. ఈ అసమతౌల్యమునకు ఫలము పసిపిల్లలు అనుభవించుచున్నారు. ఆటను కాలహరణముగాను, మాయాబంధమునకు తొలిమెట్టుగాను ఎంచి, శిశువును ఎంత శీఘ్రముగా పుస్తకమునకో స్తోత్రపఠనమునకో మరల్చినచో అంత మేలని తలచు భక్తకుటుంబములు కలవు. మూడవ ఏడు నిండకమునుపే చేతికి పెన్సిలు నిచ్చు బడులును, అదే వయస్సున కంఠస్థపు పోటీలకు సిద్ధము చేయు పెద్దలును ఉన్నారు. "ప్రహ్లాదుడు ఆడుకొన్నాడా?" అను ప్రశ్న ఇట్టి సందర్భములలో తరచుగా వినవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము భాగవతములోనే వెదకవలసియున్నది. అటుపిమ్మట ఆయుర్వేద, అర్థశాస్త్ర, వేదాంతగ్రంథములు శైశవక్రీడను గూర్చి ఏమి పలికినవో చూడవలసియున్నది.

ప్రహ్లాదుని కథలో ఆటను మానుమని ఎవరును ఆదేశింపలేదు. తల్లి చెప్పలేదు, గురువు చెప్పలేదు. మాతృగర్భమున నారదోపదేశము వినిన జీవుడు తనంతట తాను బొమ్మలను విడిచెను. ఒత్తిడి చేసినవారు ఎవరనగా శుక్రాచార్యుని కుమారులైన చండామార్కులు. రాజాజ్ఞచే అయిదేండ్ల బాలునకు త్రివర్గమును, దండనీతిని వల్లెవేయించినవారు వారే. ప్రహ్లాదుని వయస్సు అయిదేండ్లని హిరణ్యకశిపుని నోటనే భాగవతము పలికించినది. పసివానిని తొడపై కూర్చుండబెట్టుకొని, చదివినదానిలో సారమేమో చెప్పుమని పరీక్షించిన తండ్రి, కోరిన సమాధానము రానప్పుడు చూపిన క్రోధము ప్రసిద్ధమే. పరీక్షాఫలము కొఱకు శిశువును పీడించు పక్షమునకు ఆ కథలో ప్రతినిధి హిరణ్యకశిపుడే. ప్రహ్లాదుని పేరు చెప్పి బొమ్మలను లాగికొను పెద్దలు ఈ సంగతిని గమనించిన బాగుండును.

మరియొక విశేషము కలదు. ప్రహ్లాదుడు తోటి దైత్యబాలురకు భాగవతధర్మమును ఉపదేశించిన సమయమేది? ఆచార్యుడు గృహకృత్యములకై వెడలగా, విరామము దొరకిన బాలురు ఆటకు రమ్మని ప్రహ్లాదుని పిలిచిరి. అతడు వారిని కసరలేదు. చిరునవ్వుతో, కరుణతో, మధురవాక్కులతో వారిని పలుకరించెను. వారును అతనిపై గౌరవముచే ఆటవస్తువులను ప్రక్కన నిడి చుట్టును చేరి కూర్చుండిరి. పెద్దల మాటలచే ఇంకను కలుషితము కాని బుద్ధి వారిదని వ్యాసుడు అచట ప్రత్యేకముగా చెప్పెను. పాఠశాలలో పాఠము నడచుచున్నంతసేపు జరుగని ఉపదేశము ఆటవేళ జరిగెను. ఆ బాలుర బుద్ధి నిర్మలముగా నిలిచినది ఆ ఆటవేళలోనే యనుట అతిశయోక్తి కాదు.

అయినను ఒక ఆక్షేపమునకు సమాధానము చెప్పవలెను. ఆ ఉపదేశములోనే ప్రహ్లాదుడు మానవాయువును లెక్కించుచు, నూరేండ్లలో సగము నిద్రకు పోవుననియు, బాల్యకైశోరములలో ఇరువది యేండ్లు ఆటలలో గడచుననియు వాపోయెను. శంకరభగవత్పాదులదిగా ప్రసిద్ధమైన భజగోవిందస్తోత్రమున సైతము బాలుడు ఆటలయందు ఆసక్తుడై యుండునను మాట కలదు. వీనిని ఆటనిషేధములుగా గ్రహించుట సందర్భమును మరచుటయే అగును. ఆ రెండుచోట్లను విషయము ఆయుర్దాయపు స్వల్పత్వము. బాల్యము ఆటలో, యౌవనము విషయములలో, వార్ధక్యము చింతలో గడచిపోవునను ఆ గణన, మిగిలిన కాలమును వ్యర్థము చేయవలదని ఎదిగినవారికి చేయు హెచ్చరిక. ఇరువది యేండ్లవరకును ఆటయే బ్రదుకుగా నుండుట వేరు. అయిదేండ్లలోపు శిశువునకు ఆట అవసరమగుట వేరు. శిశువు శరీరమును, ఇంద్రియములను, మనస్సును గూర్చి ఏమి చేయవలెనో తెలిసికొనుటకు వైరాగ్యప్రకరణములు ప్రమాణములు కావు. దానికి శాస్త్రము వేరుగా కలదు.

ఆ శాస్త్రము ఆయుర్వేదములోని కౌమారభృత్యము. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున సూతికాగారమును, శిశువుండు కుమారాగారమును వర్ణించిన పిమ్మట, ఆచార్యుడు బొమ్మల లక్షణములను చెప్పెను. అవి వివిధాకృతులు కలిగి, వర్ణవైచిత్ర్యము కలిగి యుండవలెను. చప్పుడు చేయునవి కావలెను. చూపునకు మనోహరములై, బరువు లేనివై యుండవలెను. మొనలు వాడిగా ఉండరాదు. శిశువు నోటిలోనికి దూరునంత చిన్నవి కారాదు. ప్రాణాపాయమును గాని, భయమును గాని కలిగింపరాదు. రెండువేల ఏండ్ల నాటి ఈ వాక్యములను నేటి బొమ్మల పెట్టెలపై ముద్రించు హెచ్చరికలతో పోల్చి చూచిన, ఆనాటి వైద్యుడు ఏ ఒక్క అపాయమును మరువలేదని తెలియును. మొన గ్రుచ్చుకొనుట, గొంతున అడ్డుపడుట, బరువు మీద పడుట అనునవి ఎన్నో పసిప్రాణములను చూచినవానికే తోచు సంగతులు.

ఆ గ్రంథకర్త అంతటితో ఆగలేదు. శిశువును భయపెట్టుట ఎంతమాత్రము మంచిది కాదనెను. ఏడ్చుచున్నను, తినకున్నను, చెప్పినమాట వినకున్నను, రాక్షస పిశాచ పూతనాదుల పేర్లు చెప్పి బెదరింపరాదని స్పష్టముగా శాసించెను. అన్నము తినకున్న బూచివాడు వచ్చి పట్టుకొనిపోవునని చెప్పని ఇల్లు తెలుగుదేశమున నేటికిని అరుదు. సుశ్రుతసంహిత శారీరస్థానము పదియవ అధ్యాయము సైతము ఇదే ధోరణిలో పలుకును: శిశువును గద్దింపరాదు, నిద్రనుండి ఆకస్మికముగా లేపరాదు, హఠాత్తుగా పైకి ఎగురవేయరాదు, వెన్ను నిలువకమునుపే కూర్చుండబెట్టరాదు, ఎల్లప్పుడును ప్రియవస్తుశతములతో అనుసరింపవలెను. ఈ చివరి క్రియాపదమునందు ఒక గొప్ప భావము దాగియున్నది. పెద్దలు శిశువును అనుసరింపవలెను. శిశువు ఎటు మొగ్గునో అటు పోవలెను. బాలవైద్యమునకే ప్రత్యేకింపబడిన కాశ్యపసంహిత ఆరవ మాసమున శిశువును నేలపై కూర్చుండబెట్టు ఉపవేశనసంస్కారమును చెప్పుచు, మృగపక్షుల రూపములలో చేసిన బొమ్మలను ప్రస్తావించినది. కూర్చుండుట నేర్చిన మొదటిదినముననే శిశువు ఎదుట బొమ్మ నుంచుట సంస్కారములో భాగమాయెను.

ఇట్టి బొమ్మలు గ్రంథములకంటె ప్రాచీనములు. సింధులోయలో మొహెంజోదారో, హరప్పా త్రవ్వకములలో, క్రీ.పూ. 2500 ప్రాంతపు పొరలలో, మట్టిబండ్లు, పక్షిరూపపు ఈలలు, త్రాడు లాగిన తలయూపు ఎడ్లు లభించినవి. కొన్ని పూజార్థములై యుండవచ్చునని పండితుల వాదము. ఈల మాత్రము ఊదుటకే గదా. మట్టిబండి యనగానే సంస్కృతనాటకములలో శూద్రకుని మృచ్ఛకటికము స్ఫురించును. దరిద్రుడైన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగరుబండితో ఆడివచ్చి, ఇంట దాసి రదనిక చేసియిచ్చిన మట్టిబండిని వలదని ఏడ్చెను. వసంతసేన కరగి తన నగలను ఆ బండిలో నింపెను. ఆ నగలే తరువాత న్యాయసభలో చారుదత్తునిపై హత్యారోపమునకు సాక్ష్యములయ్యెను. బాలునకు బంగారము విలువ తెలిసి కాదు, పొరుగువాని బొమ్మను చూచినందుననే అది కావలసివచ్చెను. పెద్దల సంపద పిల్లల ఆటలోనికి వచ్చినప్పుడు ఏమగునో శూద్రకుడు ఒక్క దృశ్యములో చూపెను.

మరి అక్షరములు ఎప్పుడు? కౌటిల్యుని అర్థశాస్త్రము రాజకుమారుని విద్యను చెప్పుచు, చౌలకర్మ ముగిసిన పిదప లిపిని, సంఖ్యానమును, ఉపనయనానంతరము త్రయిని నేర్పవలెననెను. చౌలమునకు గృహ్యసూత్రములు సాధారణముగా మూడవ వర్షమును చెప్పినవి. కాళిదాసు రఘువంశము మూడవ సర్గమున బాలరఘువు చౌలానంతరమే సమవయస్కులైన మంత్రిపుత్రులతో కలసి అక్షరములు నేర్చెను. లిపి చేతికి వచ్చుట చేతనే నది ముఖమున సముద్రమును చేరినట్లు వాఙ్మయమున ప్రవేశించెనని కవి యుపమ. అక్కడ కాళిదాసు తోటిబాలురను మరువకపోవుట గమనింపదగినది. తరువాతి నిబంధకారులు విద్యారంభమును ప్రత్యేక సంస్కారముగా గుర్తించి, అయిదవ ఏటను విధించిరి. అక్షరాభ్యాసమునకై గోదావరీతీరమున బాసర జ్ఞానసరస్వతీ సన్నిధికి పిల్లలను తీసికొనిపోవు ఆచారము ఈ సంప్రదాయమునకు సజీవరూపము. బియ్యముపై వ్రేలితో వ్రాయించుటలో పూర్వుల వివేకము కలదు. పసివ్రేళ్లకు గంటము పట్టు బలము రాకమునుపు, ధాన్యమును తాకుచు, చెరపుచు, మరల దిద్దుచు నేర్చు అక్షరము ఆటకు దూరము కాదు.

ఈ ఆచారమును ఒక పరదేశీయాధికారి కన్నులతో చూచుట ఉపయుక్తము. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 లో దేశీయపాఠశాలల సర్వేకు ఆదేశింపగా, బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టున నివేదిక సమర్పించెను. తెలుగువ్యాకరణమును, నిఘంటువును రచించిన పండితుడు ఆయన. నేటి అనంతపురము, ఆదోని ప్రాంతములు నాడు ఆ జిల్లాలోనివే. హిందూబాలుని విద్య సామాన్యముగా అయిదవ ఏట ఆరంభమగుననియు, ఆ దినమున గురువును, బడిపిల్లలను ఇంటికి పిలిచి, గణపతిప్రతిమ చుట్టును వలయముగా కూర్చుండబెట్టి, బాలుని వ్రేలిని గురువు పట్టి బియ్యముపై దైవనామమును వ్రాయించుననియు ఆయన వర్ణించెను. అయిదేండ్లవరకు బాలుడు ఇంటివాడు, వీధివాడు, అటుపిమ్మటనే బడివాడు.

అదే నివేదికలో అప్రియమైన సంగతులును కలవు. ఉదయము బడికి మొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతీనామమును, రెండవవాని చేతిలో సున్నను వ్రాసెడివారు. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ వరుసన హెచ్చుచు పోయెడివి. సోమరిని కొట్టుటయే కాక, రెండుచేతులు కట్టి కప్పునకు వ్రేలాడదీయుటయు, ఎడతెగక కూర్చుండి లేచునట్లు చేయుటయు కలవు. తెలుగువారు కోదండము, గుంజిళ్లు అని పిలిచిన దండనలివే. ప్రాచీనమైనదంతయు మృదువైనదని భ్రమపడువారికి ఈ పుటలు చదువుట మేలు. చరకుడు బెదరింపవలదనిన దేశమే కోదండము వేసినది. శైశవమునకు అయిదేండ్ల రక్షణ నిచ్చిన సంప్రదాయము ఆరవ ఏట బాలుని ఇట్టి బడికే అప్పగించెను. అయినను ఆ అయిదేండ్లు నిజమైన అయిదేండ్లు. నేడు కోదండము పోయినది, అయిదేండ్లును పోయినవి.

ఆ అయిదేండ్లలో శిశువు ఏమి నేర్చుచుండెను? దీనికి భాగవత దశమస్కంధమునకు మించిన వర్ణనము దుర్లభము. బృందావనమున కృష్ణబలరాములును, గోపబాలురును పిల్లనగ్రోవులు ఊదిరి, కాయలను విసరిరి, ఎద్దులవలె రంకెలు వేయుచు పోరాడిరి, మృగపక్షుల కూతలను అనుకరించిరి. చల్దిచిక్కములను ఒకరివి ఒకరు దాచి, దూరముగా విసరి, ఏడిపించి, నవ్వుచు తిరిగి యిచ్చిరి. కృష్ణుడు వనశోభను చూచుటకు దూరముగా పోయినప్పుడు నేను ముందు, నేను ముందనుచు పరుగెత్తి తాకిరి. పక్షుల నీడల వెంట పరుగులిడిరి, నెమళ్లతో నర్తించిరి, కొంగలతో పాటు కదలక కూర్చుండిరి, తమ ప్రతిధ్వనులను తామే దూషించిరి. దాగుడుమూతలతోను, సేతుబంధములతోను, కోతిగంతులతోను కౌమారమును గడపిరని శుకుడు చెప్పెను. సేతుబంధమనగా నీటిపై కట్ట కట్టి శ్రీరామకథను ఆడుకొనుట. పూర్వావతారమున సముద్రముపై వారధి కట్టినవాడే, ఇచట పిల్లలతో కలసి ఆ వారధినే ఆటగా కట్టెను.

ఈ జాబితాను ఒక శిశువికాసశాస్త్రజ్ఞుని చేతికిచ్చిన, అతడు ప్రతి యాటకును ఒక ప్రయోజనము చెప్పగలడు. కొంగతో పాటు కదలక కూర్చుండుట శరీరనిగ్రహము. నీడను వెంబడించుట కనుచూపునకు, పాదగతికి నడుమ సమన్వయము. కూతల ననుకరించుట శ్రవణమును, నాలుకను పదను పెట్టుట. ఎద్దు కాకయే ఎద్దుగా నటించుట, ఒక వస్తువు మరియొక వస్తువునకు ప్రతీక కాగలదని బుద్ధికి తోచుట. ఈ చివరిది సామాన్యము కాదు. కఱ్ఱను గుఱ్ఱమని భావింపగలిగిన బుద్ధియే రేపు ఒక వంకరగీతను 'అ' యని గుర్తింపగలదు. మట్టిముద్దను గణపతిగా ఆవాహన చేయు ఉపాసకుని భావనాశక్తికిని బీజము ఇదియే. ప్రతీకోపాసన యందు నిలువగల మనస్సు బొమ్మలాటలో సిద్ధమగును. పరీక్షిత్తు బొమ్మలతో కృష్ణక్రీడను ఆడెనని శౌనకుడు ప్రశంసించుటలోని మర్మము బహుశః ఇదే.

దశమస్కంధము పదునెనిమిదవ అధ్యాయమున మరియొక ఆట కలదు. బాలురు రెండు పక్షములై, ఓడినవారు గెలిచినవారిని మోయవలెనని నియమము పెట్టుకొనిరి. బలరాముని పక్షము గెలిచెను. ఓడిన శ్రీకృష్ణభగవానుడు శ్రీదాముని వీపున మోసెను. గోపవేషమున వచ్చి ఆటలో చేరిన ప్రలంబాసురుడు బలరాముని మోయునెపమున ఎత్తుకొనిపోవ యత్నించి హతుడయ్యెను. భగవంతుడు నియమమును పాటించెను. అసురుడు నియమమును అపహరణమునకు ఉపాయముగా వాడెను. ఓటమిని ఒప్పుకొని గెలిచినవానిని మోయుట యను ధర్మమును అయిదారేండ్ల బాలునకు ఏ ఉపన్యాసము నేర్పగలదు? వంతు వచ్చువరకు ఆగుట, తొండి చేయకుండుట, చేసినవానిని జట్టు నుండి వెలివేయుట, మరల చేర్చుకొనుట అనునవన్నియు వీధిలో నేర్చునవే. మహాభారతమున కూడ ద్రోణాచార్యుడు కురుబాలురకు గురువైనది ఆటస్థలముననే. బాలుర ఆటవస్తువు బావిలో పడగా, గడ్డిపోచలను బాణములుగా సంధించి దానిని వెలికితీసిన పిదపనే భీష్ముడు ఆయనను పిలిపించెను. విరాటపర్వమున ఉత్తర, యుద్ధమునకేగు బృహన్నలను కోరినది బొమ్మలకు కట్టుటకు సన్నని రంగురంగుల వస్త్రములు. ఆ ఉత్తర కుమారుడే పరీక్షిత్తు. బొమ్మలను ప్రేమించిన తల్లికి, బొమ్మలతో కృష్ణుని ఆడిన కుమారుడు పుట్టెను.

తెలుగు ముంగిళ్లలో ఈ విద్య వేరువేరు పేర్లతో సాగినది. ఓమనగుంటలలో చింతగింజలను గుంటగుంటకు పంచుచు పోవు పిల్ల, ఎన్నవ గుంటలో చేయి ఖాళీ యగునో ముందుగానే ఊహించును. అది గణితమని ఆమెకు ఎవరును చెప్పనక్కరలేదు. అచ్చనగండ్లలో రాయి గాలిలో నుండగానే నేలపైనున్న వానిని ఏరుకొనవలెను. గుజ్జనగూళ్లలో ఇసుక అన్నమగును, ఆకు విస్తరి యగును, చెల్లెలు అతిథి యగును. సంక్రాంతి బొమ్మలకొలువులో కొండపల్లి పొణికికఱ్ఱ దశావతారములు, ఏటికొప్పాక లక్క బొమ్మలు మెట్లపై వరుసదీరగా, వానిని అమర్చు చేతులు పురాణమును తాకుచు నేర్చెడివి. దురదృష్టవశమున నేడు కొన్ని ఇండ్లలో కొలువు బొమ్మలు చూచుటకే గాని తాకుటకు కాదు.

వేదాంతము ఈ విషయమున మౌనము వహింపలేదు. పరిపూర్ణుడైన ఈశ్వరునకు సృష్టితో ప్రయోజనమేమి అను ప్రశ్నకు బ్రహ్మసూత్రములు రెండవ అధ్యాయము మొదటి పాదమున చెప్పిన సమాధానము లీల. శంకరభాష్యమున దృష్టాంతములు రెండు: సర్వకామములు తీరిన రాజు విహారస్థానములలో క్రీడించుట, ఏ ప్రయోజనమును కోరక స్వభావముచేతనే ఉచ్ఛ్వాసనిశ్వాసములు నడచుట. ఫలాపేక్ష లేని కర్మకు లోకమున దొరకిన ఉపమానము ఆటయే. గెలుపు కొఱకో బహుమతి కొఱకో ఆడు పెద్దల ఆటలకంటె, ఇసుకగూడు కట్టి తానే త్రొక్కివేసి నవ్వు పసివాని ఆట ఈ దృష్టాంతమునకు సమీపము. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు కహోలునకు చెప్పిన మాటలలో, పాండిత్యమును దాటినవాడు బాల్యముతో నిలువవలెనని కలదు. ఉపనిషద్భాష్యమున శంకరులు ఆ బాల్యమును ఆత్మజ్ఞానబలముగా వ్యాఖ్యానించిరి. సూత్రభాష్యము మూడవ అధ్యాయమున మాత్రము, శిశువు యొక్క యథేష్టాచారమును విడిచి, దంభదర్పములు లేక తన్ను తాను ప్రకటించుకొనని నిర్మలభావమును గ్రహింపవలెననిరి. పండితుడు ఎంత శ్రమించి చేరవలసిన స్థితికి ఉపమానముగా నిలిచినది శైశవమో, ఆ శైశవమును మూడవ ఏటనే పాండిత్యప్రదర్శనమునకు ఒప్పగించుట విపరీతము.

పాశ్చాత్యులు ఈ సంగతిని వేరొక మార్గమున కనుగొనిరి. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837 లో బాలక్రీడాసంస్థను స్థాపించి, 1840 లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరిడెను. సమస్తమున ఏకత్వము కలదను తత్త్వమే ఆయన క్రీడనకములకు ఆధారము. ప్రష్యా ప్రభుత్వము 1851 లో ఆ పాఠశాలలను నిషేధించెను. పిల్లలకు ఆట నేర్పుటయు రాజద్రోహముగా తోచిన కాలమది. భారతదేశమున గిజూభాయి బధేకా 1920 లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పి, కథను, ఆటను, పాటను దేశీయరూపమున ప్రవేశపెట్టెను. మరియా మాంటిస్సోరి 1939 లో దివ్యజ్ఞానసమాజము ఆహ్వానముపై అడయారునకు వచ్చి, రెండవ ప్రపంచయుద్ధముచే ఇచటనే నిలిచిపోయెను. కల్పనాక్రీడపై ఆమెకు మక్కువ లేదు. శిశువు చేయునది పని యనియే ఆమె అభిమతము. ఈ ఒక్క విషయమున బృందావనబాలురు ఆమెతో ఏకీభవింపరు. శిశువును అనుసరింపవలెనను ఆమె సూత్రము మాత్రము సుశ్రుతునకు సమ్మతమే. తెలుగువారిలో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940 లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి ఆటపాటలకు గౌరవము కల్పించిరి. 2022 నాటి జాతీయ పునాదిస్థాయి పాఠ్యప్రణాళిక తైత్తిరీయోపనిషత్తు పంచకోశములను స్మరించి, ఎనిమిదేండ్లలోపు విద్యకు ఆటను ఆధారముగా నిలిపినది. కాగితముపై అది శుభమే. మూడేండ్లవానికి ఇంటిపని ఇచ్చు బడులు ఇంకను తెరచియే యున్నవి.

ఈ రెండు మార్గముల సమన్వయమునకు ఆధునికులలో శ్రీరామకృష్ణులు ఉత్తమదృష్టాంతము. 1836 లో కామార్పుకూరు గ్రామమున జన్మించిన గదాధరునకు పాఠశాలలో గణితము రుచింపలేదు. తోటిబాలురను కూడగట్టి మామిడితోపులో పురాణకథలను నటించుట ఆయనకు ప్రీతి. ఒక శివరాత్రినాడు గ్రామములోని నాటకమున శివుని వేషము ధరించి రంగమునకు వచ్చినవాడు, ఆ భావములోనే బాహ్యస్మృతిని కోల్పోయెను. వేషము ఆటగానే మొదలైనది. ఆయన పరీక్షిత్తు మార్గమున పోయి ప్రహ్లాదుని స్థితిని చేరెను.

దక్షిణేశ్వరమున భక్తులకు ఆయన పలుమారు చెప్పిన దృష్టాంతము ఒకటి కలదు. తల్లి వంటలో నిమగ్నమై, పసిబిడ్డ చేతికి ఎఱ్ఱని ఆటవస్తువు నొకదానిని ఇచ్చి కూర్చుండబెట్టును. బిడ్డ దానితో ఆడుకొనుచున్నంతసేపు తల్లి తన పని తాను చేసికొనుచుండును. ఎప్పుడో ఒకప్పుడు బిడ్డకు బొమ్మ చాలదు. దానిని విసరివైచి అమ్మా యని ఏడ్చును. అప్పుడు తల్లి ఉడుకుచున్న అన్నపుకుండను దించి పరుగెత్తుకొని వచ్చి ఎత్తుకొనును. ఈ కథలో బొమ్మను ఇచ్చినది తల్లియే. దానిని బిడ్డ చేతినుండి ఆమె లాగికొనలేదు.